గుండానికి గుద్దలి

1977 డిసెంబరు. ధనుర్మాసం. అనంతపురం జిల్లాలోని మా ఊళ్లో ఆ నెలంతా తెల్లవారుజామునే రామాలయంలో పొంగలి పెట్టేవాళ్లు. పిల్లలం చలికి వణుకుతూ, చేతుల్లో ఆకుదొన్నెలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్లం. ఆ ఏడు మాత్రం గుడికి వెళ్లేముందు ఇంకో చోట ఆగేవాళ్లం. పీర్ల చావిడి ముందర రాత్రంతా కాలిన గుండంలో, బూడిద కింద నిప్పులు ఇంకా ఎర్రగా ఉండేవి. అక్కడ చేతులు కాచుకుని, ఆ వెచ్చదనం పోకముందే గుడికి పరుగెత్తేవాళ్లం. పొంగలిలో నెయ్యి వాసనా, చింతకట్టెల పొగ వాసనా ఒకే చొక్కాకు అంటుకుని ఉండేవి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పీర్లంటే చలికాలంలో వచ్చే పండగ అనుకున్నాను.

కాదని తర్వాతి ఏళ్లలో తెలిసింది. పీర్ల పండగ వచ్చే మొహర్రం చంద్రుణ్ణి మాత్రమే నమ్ముకున్న నెల. పన్నెండు చాంద్రమాసాలు కలిస్తే 354 రోజులు. సూర్యుడి ఏడాదికి అది పదకొండు రోజులు తక్కువ. మన పంచాంగం మూడేళ్లకోసారి ఒక అధికమాసం వేసుకుని ఆ తక్కువను పూడ్చుకుంటుంది. హిజ్రీ లెక్కలో ఆ పూడిక లేదు. అందుకని పీర్లు ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, వానల్లోకీ ఎండల్లోకీ తిరిగి, 32, 33 ఏళ్లకు మళ్లీ అదే చలిలోకి వస్తాయి. ఆ తిరుగుడులో ఒక ఏడు దసరాకు ఎదురవుతాయి, ఒక ఏడు వినాయక చవితికి, ఇంకో ఏడు ఉగాదికి. మా అవ్వ ఏ పండగకైనా పెరట్లోకి వచ్చి నెలపొడుపు చూసి దణ్ణం పెట్టుకునేది. పీర్లను చూసుకునే సాయిబు తాత కూడా ఆ నెలవంక కోసమే చావిడి మిద్దె ఎక్కేవాడు.

"రెండు మతాలు, రెండు ఆచారాలు ఒకచోట ఉంటే గొడవలు తప్పవు" అనే మాట ఇవాళ చాలామంది చదువుకున్నవాళ్ల నోట వింటున్నాను. ఏదో ప్రకృతి ధర్మం చెప్పినంత తేలికగా అంటారు. విన్నప్పుడల్లా నాకు ఆ చొక్కా వాసన గుర్తొస్తుంది. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు మా ఊళ్లో పీర్ల పండగ ఎట్లా జరిగేదో చెప్పాలి.

నెలవంక కనబడిన రాత్రి గుండానికి గుద్దలి వేసేవాళ్లు. మొదటి దెబ్బ వేసే హక్కు ఒక బోయ ఇంటిది. పెట్టెలోంచి పీర్లను తీసి, ఆ ఇత్తడి హస్తాలను చింతపండుతో తోమి తళతళలాడించేది సాయిబు తాత. పీర్లకు కట్టే దట్టీలు ఊళ్లో మొక్కుకున్నవాళ్ల ఇళ్ల నుంచి వచ్చేవి. కొడుకు పుడితే ఒకరు, ఎద్దుకు జబ్బు నయమైతే ఒకరు. గుండంలోకి కట్టెలు రైతుల చేలగట్ల నుంచి. దివిటీలు పట్టేది చాకలివాళ్లు. డప్పు మాదిగవాడ నుంచి. పీరును భుజాన ఎత్తుకుని నిప్పుల మీద నడిచేవాళ్లలో కురుబ ఇళ్లవాళ్లున్నారు, కమ్మరి ఇళ్లవాళ్లున్నారు. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు ఊరేగింపులు అయ్యాక, చివరన జలధి నాడు పీర్లను ఏటికి తీసుకుపోయేటప్పుడు గుంపు ముందర ఏడ్చేది ఎక్కువగా మా వీధి ఆడవాళ్లే. కర్బలాలో ఇమామ్ హుసేన్ నీళ్లు దొరకని దప్పికలోనే హతుడయ్యాడని వాళ్లకు తెలుసు. నీళ్ల కరువు తెలిసిన అనంతపురంవాళ్లకు ఆ కథ వేరే ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఊళ్లో ముస్లిం ఇళ్లు నాలుగు. అందులో రెండు దూదేకులవాళ్లవి. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే. నాలుగిళ్లవాళ్లు తమంతట తాము చేసుకోవాలంటే ఆ పండగ సాగే పనే కాదు. అసలు కిటుకు అక్కడే ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ పండగకు ఊరి చేతులన్నీ కావాలి. ఒక చెయ్యి రాకపోతే గుండం చల్లబడుతుంది, లేదా పీరు లేవదు, లేదా డప్పు మోగదు.

ఇది మా ఒక్క ఊరి ముచ్చట కాదు. నార్పల దగ్గర గూగూడులో కుళ్లాయిస్వామి పీరు, ఆంజనేయస్వామి గుడి పక్కపక్కనే ఉంటాయి. మొహర్రానికి వచ్చే జనం ఇద్దరికీ మొక్కుకునే పోతారు. ఆ స్వామి పేరు మీదే మా జిల్లాలో ఇంటికో కుళ్లాయప్ప. ఫక్కీరప్ప, హుసేనప్ప, మస్తానమ్మ, పీరమ్మ అనే పేర్లున్నవాళ్లలో హిందువులు ఎంతమందో లెక్కలేదు. దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాదినాడు ముస్లింలు వచ్చి, బీబీ నాంచారి తమ ఆడపడుచని చెప్పుకుని, బెల్లం, చింతపండు, వేపపువ్వు స్వామికి ఇచ్చి వెళతారు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నడుం లోతు నీళ్లలో నిలబడి, ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరికొకరు రొట్టెలు ఇచ్చుకుంటారు. ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఈమధ్య వీసా రొట్టె. ఇచ్చే చెయ్యి ఏ మతానిదో అడిగే తీరిక ఆ నీళ్లలో ఉండదు.

ఇక్కడితో ఆపితే మాత్రం అబద్ధం చెప్పినవాణ్ణవుతాను.

మా అవ్వ సాయిబు తాత ఇంట్లో అన్నం తినలేదు, ఎనభై రెండేళ్ల జీవితంలో ఒక్కపూట కూడా. పీర్ల దగ్గర చదివింపులైన చక్కెర, బొరుగులు మాత్రం కళ్లకద్దుకుని తీసుకునేది. చక్కెరకు అంటు లేదు, ఉడికినదానికి ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. పండగనాడు ఆయన భార్య మా ఇంటికి పంపే తట్టలో ఉడికింది ఏదీ ఉండేది కాదు. మా అవ్వ వాళ్లింటికి పంపే తట్టలో అత్తిరాసాలుండేవి. ఒకవైపు నుంచి వచ్చింది పచ్చిది, ఇంకోవైపు నుంచి పోయింది వండింది. చిన్నప్పుడు దాన్ని నేను స్నేహమనే అనుకున్నాను. అది స్నేహమే. కానీ ఆ స్నేహంలో ఎవరు తగ్గి ఉండాలో ముందే తేలిపోయింది. డప్పు వాయించేవాళ్ల సంగతి అంతకన్నా కష్టం. రాత్రంతా వాళ్ల డప్పు లేనిదే పీరు కదలదు. అయినా చావిడి అరుగు వాళ్లు ఎక్కకూడదు. వాళ్లకు చక్కెర పైనుంచి చేతుల్లోకి వదిలేవాళ్లు.

ఇవన్నీ తేడాలే. ఎవరు ఏం తింటారు, ఎవరి ఇంట్లో ఏ గడప దాటొచ్చు, ఎవరి శవం ఎటు పోతుందన్నది ఊళ్లో ప్రతివాడికీ కంఠతా తెలుసు. తేడాలు పోవాలని ఎవరూ అనుకోలేదు, వాటిని దాచనూలేదు. ఇన్ని తేడాలు పెట్టుకుని కూడా పీర్ల పండగలో కొట్టుకున్న జ్ఞాపకం మా ఊళ్లో లేదు.

1990 డిసెంబరు నాటికి నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. షాలీబండ దగ్గర ఒక గల్లీలో, మూడో అంతస్తులో గది. అక్టోబరులో అయోధ్య రథయాత్ర బీహారులో ఆగింది, ఆ తర్వాత అయోధ్యలో కాల్పులు జరిగాయి. డిసెంబరు మొదటి వారానికి ఆ మంట పాతబస్తీకి చేరింది. కత్తిపోట్లతో మొదలై కర్ఫ్యూ దాకా పోయింది. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. ఆ నెల మధ్యలో ముఖ్యమంత్రి చెన్నారెడ్డి దిగిపోయి జనార్దనరెడ్డి వచ్చారు. మాకు ఈ వార్తలన్నీ రేడియోలో తెలిసేవి. కిటికీలోంచి కనబడేది మాత్రం ఖాళీ గల్లీ, తెరచిన మోరీ, పోలీసు బూట్లు.

గల్లీ మొదట్లో ఒక దర్జీ ఉండేవాడు. రెండేళ్లుగా నా చొక్కాలన్నీ ఆయన కుట్టినవే. నా మెడ కొలత, భుజం కొలత ఆయన నోట్‌బుక్కులో రాసి ఉన్నాయి. రోజూ ఆఫీసుకు పోతూ సలాం చెప్పేవాణ్ణి, వస్తూ చెప్పేవాణ్ణి. కర్ఫ్యూకు ముందు రోజే ఒక చొక్కా గుడ్డ ఇచ్చి వచ్చాను.

కర్ఫ్యూ రెండో రాత్రి మా మేడ మీదికి ఇటుక ముక్కలు చేరాయి. "వాళ్లు మేడల మీద రాళ్లు పోగేస్తున్నారు" అన్నారెవరో. మేమూ పోగేయాలన్నారు. నేను మోశాను. గంప నెత్తిన పెట్టుకుని మూడు అంతస్తులు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కపెట్టలేదు. పాలల్లో విషం కలిపారని ఒకడు చెప్పాడు. నీళ్ల ట్యాంకులో అని ఇంకొకడన్నాడు. ఆ మాట వాళ్లకు ఎవరు చెప్పారని ఎవరమూ అడగలేదు. పాల పాకెట్టు చేతిలో పట్టుకుని, కత్తిరించాలా వద్దా అని ఒక ఇల్లాలు గంటసేపు కూర్చోవడం నేను చూశాను. ఆమె ఒళ్లో బిడ్డ ఏడుస్తున్నాడు.

తెల్లవారాక మంచు విడిపోతుంటే ఎదుటి వరస మేడ మీద దర్జీ కనబడ్డాడు. మెడకు మఫ్లరు చుట్టుకున్నాడు. ఆయన పక్కనా ఇటుకల కుప్ప ఉంది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. పిలుద్దామని నోరు తెరిచాను. ఆయన పేరేమిటో నాకు తెలియదు.

రెండేళ్లు! ఆయనకు పిల్లలెందరో తెలియదు, ఏ ఊరి నుంచి వచ్చాడో తెలియదు. నా భుజం ఎంతో ఆయనకు తెలుసు, ఆయనకు నా పేరు కూడా తెలియదేమో. మా ఊళ్లో సాయిబు తాత గురించి నాకు తెలియనిది లేదు. ఏ మోకాలు నొప్పి, ఏ కూతుర్ని ఏ ఊరికిచ్చాడు, రంజాన్ ఉపవాసాల్లో మధ్యాహ్నం ఎవరి అరుగు మీద పడుకుంటాడు అన్నీ తెలుసు. ఆయన బావిలో విషం కలిపాడని మా ఊళ్లో ఎవడైనా పుకారు పుట్టిస్తే, విన్న మొదటివాడే "ఆయన మోకాళ్లకు బావి మెట్లు దిగేది యాడన్నా?" అనేవాడు. పుకారు అక్కడే చచ్చేది. పాతబస్తీలో ఆ రాత్రి ఒక్కడూ అట్లా అనలేకపోయాడు. ఎదుటి మేడ మీది మనుషుల మోకాళ్ల సంగతి మాకెవరికీ తెలియదు. వాళ్లు మాకు పేరు లేని "వాళ్లు". వాళ్లకు మేమూ అంతే.

అంత తేలికగా ఎట్లా చీలిపోయామని ఏళ్లపాటు నన్ను నేను అడుక్కున్నాను. 1970లో హెన్రీ టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి చదివినప్పుడు కొంత తెలిసింది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బడి పిల్లలకు ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, ఏవి నచ్చాయో అడిగి, ఆ ఇష్టాన్నిబట్టే రెండు గుంపులు చేస్తున్నామని చెప్పారు. తమ గుంపులో ఎవరున్నారో కూడా ఆ పిల్లలకు తెలియదు. అయినా డబ్బులు పంచమంటే సొంత గుంపుకే ఎక్కువ పంచారు. మతమే అక్కర్లేదు, ఒక బొమ్మ చాలు! కానీ ఆ పిల్లలు పక్షపాతం చూపారంతే, రాళ్లు పోగేసుకోలేదు. రాళ్ల దాకా రావాలంటే పూనుకునేవాళ్లు వేరే ఉండాలి. కర్ఫ్యూలో మా గల్లీకి ఇటుకలు రిక్షా బండి నిండా వచ్చాయి. వాటికి ఎవరు డబ్బులిచ్చారో, ఆ బండిని పోలీసులు ఎట్లా వదిలారో మాకు తెలియదు. మేం అడగలేదు, దింపుకున్నాం. అలీగఢ్‌ను ఏళ్లతరబడి గమనించిన పాల్ బ్రాస్ అనే పండితుడు, అల్లర్లు వాటంతటవే రేగవని, నిప్పు ఆరకుండా చూసుకునేవాళ్లు శాంతికాలంలోనూ ఆ పనిలోనే ఉంటారని రాశాడు. అది చదివినప్పుడు ఆ రిక్షా చక్రాల చప్పుడు వినబడింది నాకు.

పదిహేను రోజుల తర్వాత దర్జీ దుకాణం తెరిచాడు. వెళ్లాను. చొక్కా కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టాడు. కుట్టుకూలి తీసుకుని చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. ఇద్దరం మేడ సంగతి ఎత్తలేదు. పేరు అడగాలనే వెళ్లినవాణ్ణి, అడగలేక తిరిగి వచ్చాను. ఆ నెలాఖరుకే గది ఖాళీ చేసి నగరం అవతలి పక్కకు మారిపోయాను. నాలాంటివాళ్లు అటూ ఇటూ ఎంతోమంది మారారు. ఆ తర్వాత ఎవరి పేటలో వాళ్లకు ఎదుటివాళ్ల పేర్లు తెలుసుకునే అవసరం మరీ తగ్గిపోయింది.

మా ఊరికీ ఆ గల్లీకీ ఉన్న ఈ తేడాకు లెక్క నాకు ఒక పుస్తకంలో దొరికింది. ఆశుతోష్ వార్ష్ణేయ్ అనే రాజనీతి పండితుడు 1950 నుంచి 1995 దాకా దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్లను పత్రికల్లోంచి ఏరి లెక్కకట్టి, 2002లో పుస్తకం వేశారు. ఆ చావుల్లో పల్లెల వాటా నూటికి నాలుగు కూడా లేదు. దేశ జనాభాలో మూడొంతుల మంది దాకా పల్లెల్లోనే ఉన్న కాలమది. మొత్తం చావుల్లో సగానికి దగ్గరగా ఎనిమిది నగరాల్లోనే జరిగాయి. ఆ ఎనిమిదింటిలో హైదరాబాదు ఒకటి. తేడాలే గొడవలకు కారణమైతే, ఇంటింటికీ అంటూ ముట్టూ పాటించిన పల్లెలు ముందు తగలబడాలి కదా.

ఆయన హైదరాబాదును లక్నోతో పోల్చి చూశారు. రెండూ నవాబుల ఊళ్లే, రెండు చోట్లా ముస్లింలు గణనీయంగా ఉన్నారు. లక్నోలో చికన్ కుట్టుపని పెద్ద వ్యాపారం. సూది పట్టేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు, సరుకు అమ్మేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. ఒకరు చెయ్యి ఆపితే ఇంకొకరి పొయ్యి వెలగదు. అక్కడ హిందూ ముస్లిం అల్లర్లు తక్కువ. మరి లక్నో ప్రశాంతమైన ఊరా అంటే అదీ కాదు. షియాలు, సున్నీలు ఎంతగా కొట్టుకున్నారంటే 1977 నుంచి ఇరవై ఏళ్లపాటు అక్కడ మొహర్రం ఊరేగింపులనే నిషేధించారు. మతం ఒక్కటే, దేవుడొక్కడే, ప్రవక్త ఒక్కడే. మా ఊరి బోయవాడు, కురుబవాడు భుజాన మోసిన పీరు, అక్కడ ముస్లింల మధ్యనే వీధి దాటలేకపోయింది.

పల్లెలో ఒకరికొకరు ఎదురుపడటమే చాలు, నగరంలో అది చాలదంటారు వార్ష్ణేయ్. అక్కడ మనుషులు కలిసి పనిచేసే సంఘాలుండాలి: వ్యాపారానికి, కూలికి, చదువుకు. నేనూ దర్జీ రోజూ ఎదురుపడ్డాం. కలిసి చేసిన పని ఒక్కటీ లేదు.

హైదరాబాదు మీద నాకు ఆశ లేదని కాదు. 1893లో పుణెలో తిలక్ వినాయకుణ్ణి ఇంట్లోంచి వీధిలోకి తెచ్చారు. అప్పటి నుంచి వీధి ఎవరిదన్న తగువు ఎన్ని ఊళ్లను కాల్చిందో. మసీదు ముందర వాయిద్యాలు వాయించాలా ఆపాలా అన్నదాని మీదే 1920లలో ఎన్నో చోట్ల నెత్తురు పారింది. హైదరాబాదులోనూ 1980లంతా ఊరేగింపు అనగానే తలుపులు వేసుకున్న రోజులే. అలాంటి ఊళ్లో 2023 సెప్టెంబరు 28న వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకేరోజు వచ్చాయి. చంద్రుడే తెచ్చి కలిపాడు. ముస్లిం పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తమ ఊరేగింపును అక్టోబరు 1కి జరుపుకున్నారు. మరుసటేడు ఒక్కరోజు తేడాతో మళ్లీ అదే చిక్కు వస్తే మళ్లీ జరిపారు. పత్రికల్లో చిన్న వార్తగా వచ్చింది. నా మటుకు ఆ రెండేళ్లలో ఆ ఊళ్లో జరిగిన గొప్ప పనుల్లో అదొకటి. ప్రతిసారీ ఒకవైపువాళ్లే జరగాలా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. చంద్రుడు ఇంకా ఎన్నోసార్లు వాళ్లను కలుపుతాడు. అవతలివైపుకు కూడా జరిగే అవకాశం వస్తుంది.

చేతులు ఒకదానికొకటి కావాల్సి ఉంటే చాలు, గొడవ రాదని చాలాకాలం అనుకున్నాను. కారంచేడు, చుండూరు ఆ నమ్మకాన్ని నిలవనీయలేదు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. తాగునీటి చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడగడాన్ని కాదన్నందుకు మొదలైంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అది సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది. అక్కడ అందరిదీ ఒకే భాష, ఒకే జిల్లా, చాలావరకు అవే సినిమాలు, అవే పాటలు. చంపినవాళ్ల పొలాలకు చనిపోయినవాళ్ల చేతులే కావాలి. ఆ చేతులు లేనిదే వాళ్ల పంట ఇంటికి రాదు. అయినా చంపారు. ఆ చేతులు మొదటిసారి 'కాదు' అన్నాయని చంపారు.

అప్పటి నుంచి మా ఊరి గుండాన్ని వేరే కంటితో చూడక తప్పలేదు. పిలిస్తే ఇష్టపడి వచ్చే చెయ్యి వేరు, రాకపోతే బతకనివ్వరని వచ్చే చెయ్యి వేరు. మా అవ్వ కాలంలో మా ఊళ్లో గొడవ జరగలేదంటే అందులో కొంత స్నేహం, కొంత పరిచయం. ఇంకొంత ఎవరూ నోరెత్తకపోవడం. డప్పు వాయించేవాడు అరుగెక్కుతానని అంటే ఏమయ్యేదో మాకు తెలియదు. ఎందుకంటే ఎవరూ అనలేదు.

2009 డిసెంబరులో పీర్లు మళ్లీ ధనుర్మాసంలోకి వచ్చాయి. అది తెలిసి మనసు ఆగలేదు. అప్పటికి రాష్ట్రం అట్టుడుకుతోంది. తొమ్మిదో తేదీ రాత్రి ఢిల్లీ నుంచి ప్రత్యేక తెలంగాణ ప్రకటన వచ్చింది. మా సీమలో బందులు, ఇక్కడ హైదరాబాదులో సంబరం, అనుమానం, కోపం. ఇరవయ్యేళ్లుగా ఆఫీసులో 'యాడికి', 'వస్తాండా' అని నా యాసలోనే మాట్లాడినవాణ్ణి, ఆ నెలలో మొదటిసారి నోరు తెరిచేముందు మాట సర్దుకున్నాను. నీళ్లు, కొలువులు, ఏళ్లనాటి మాట తప్పడాలు ఉన్న నిజమైన తగువు అది. యాస దానికి గుర్తు మాత్రమే. కానీ తగువు వేడెక్కినప్పుడు మనుషులు గుర్తునే చూస్తారు.

బస్సుల్లేవు. కాచిగూడలో రైలెక్కి, దిగాక ఎవరి బండో పట్టుకుని ఊరు చేరేసరికి పొద్దు వాలింది. చావిడికి కొత్త స్లాబు వేశారు. మైకు పెట్టారు. ఆ రాత్రే గుద్దలి. కానీ చావిడి ముందర గుద్దలికి బదులు వాదన నడుస్తోంది.

సాయిబు తాత పోయి పదేళ్లు. ఆయన కొడుకు ఊరి బయట కోత మిషను పెట్టుకున్నాడు. జమాతులో తిరిగి వచ్చాక గడ్డం పెంచాడు, ఐదుపూటలా నమాజు చేస్తున్నాడు. పీర్ల ముందర నిలబడటం తన మతంలో తప్పని అన్నాడట. కొందరు కుర్రాళ్లు ఆ మాటకు రేగిపోతున్నారు. నేను వెళ్లి అడిగితే మెల్లగా చెప్పాడు: "నేను పీర్లు ఎత్తను అన్నా. నా మనసు ఒప్పదు. మా నాయన చేసినాడు, ఆయన నమ్మకం ఆయనది. కట్టెలు మాత్రం మా నాయన పేరున నేనే తోలిస్తా. దుడ్లు వద్దు."

డప్పు దగ్గర ఇంకో పేచీ. మాదిగవాడ నుంచి డిగ్రీ చదివే పిల్లవాడొకడు వచ్చి నిలబడ్డాడు. రాత్రికి ఇంత అని లెక్క చెప్పాడు. వాయించేవాళ్లకు అరుగు మీదే చోటు కావాలన్నాడు. అందరితోపాటే బంతిలో అన్నం పెట్టాలన్నాడు.

"మీ తాతలు అడిగినారా ఇట్ల?" అన్నాడు ఒక ముసలాయన.

"అడగనిచ్చినారా?" అన్నాడు ఆ పిల్లవాడు. గొంతు పెంచలేదు.

ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తర్వాత బేరం మొదలైంది. డబ్బు మీద గంటసేపు నడిచింది, అరుగు మీద ఇంకో గంట. బంతి సంగతి దగ్గర ఇద్దరు లేచి ఇళ్లకు పోయారు. మిగిలినవాళ్లు పోలేదు. నా చిన్నప్పుడు ఆ చావిడి ముందర ఇంత గట్టి వాదన ఎప్పుడూ వినలేదు. ఆ చలిలో అక్కడ నిలబడి, కుర్రాళ్లు ఒకర్నొకరు కోసుకునేలా మాట్లాడుకుంటుంటే, నాకు భయం వేయలేదు. అందరికీ అందరి పేర్లూ తెలుసు. తిట్టేటప్పుడు కూడా వావివరసలు పెట్టుకునే తిట్టుకుంటున్నారు.

అంతా తేలేసరికి పదకొండు దాటింది. మొదటి దెబ్బ వేయాల్సిన బోయ ఇంటి కొడుకు బెంగళూరులో చిక్కుకుపోయాడు, బస్సుల్లేక. ఎవరు వేయాలని మళ్లీ మాట పడింది. ఆయన చెల్లెలు ఇంట్లోంచి వచ్చి, "మా ఇంటి హక్కు మా ఇంట్లోనే ఉంది" అని కొంగు బిగించి గుద్దలి అందుకుంది. మగవాళ్లు ముఖముఖాలు చూసుకునేలోపే దెబ్బ పడింది.

"నువ్వేం చేస్తావన్నా? హైదరాబాదు నుంచి వచ్చి చూసిపోయేదేనా?" అని డిగ్రీ పిల్లవాడు నన్నడిగాడు. చొక్కా చేతులు మడుచుకుని గుండంలోకి దిగాను. వాడు గడ్డపారతో పొడుస్తుంటే నేను మన్ను ఎత్తిపోశాను. నడిరాత్రి దాటాక ట్రాక్టరు చప్పుడు వినబడింది. సాయిబు తాత కొడుకు కట్టెలు తోలుకొచ్చాడు. చావిడి దాకా రాలేదు. వీధి మలుపులోనే ఆపి, ట్రాలీ దింపి, "ఇక్కడి నుంచి మీరు మోసుకుపోండి" అన్నాడు. మోశాం. చింతమొద్దులు. భుజం మీద మొద్దు పెట్టుకున్నప్పుడు షాలీబండ మేడమెట్లు గుర్తొచ్చాయి. మలుపు నుంచి చావిడి దాకా ఎన్నిసార్లు తిరిగానో ఈసారి లెక్కపెట్టుకున్నాను. పద్నాలుగు.

తెల్లవారుజామున గుడి గంట మోగింది. గుండంలో ఇంకా నిప్పు పడలేదు. తడి మన్ను వాసన మాత్రం వస్తోంది. కాచుకోవడానికేమీ లేక చంకల్లో చేతులు పెట్టుకుని వెళ్లి వరసలో నిలబడ్డాను. నా ముందర డిగ్రీ పిల్లవాడు నిలబడి ఉన్నాడు. పూజారి పొంగలి పెట్టాడు. ఆకుదొన్నె అడుగు వేడికి అరచేతుల్లో బొబ్బలు చుర్రుమన్నాయి. దొన్నెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ తిన్నాను.